వెన్ను ఆపరేషన్‌కు ముందు మనసు సంగతి

వెన్నెముక ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగరు, ఈసీజీ తప్పక చూస్తారు. దిగులుగా ఉంటోందా, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగేవాళ్లు తక్కువ. నొప్పి ఎంత తగ్గుతుందో, మనిషి ఎప్పటికి పనిలోకి వెళ్తాడో కొంతవరకు ఆ జవాబులను బట్టే ఉంటుంది.

జారిన డిస్కు నరాన్ని నొక్కుతుంటే సర్జన్ ఆ ఒత్తిడిని తీసేయగలడు. అయితే నెలల తరబడి నొప్పి పడ్డ నరాల వ్యవస్థ చిన్న సంకేతానికీ పెద్దగా స్పందించడానికి అలవాటు పడి ఉంటుంది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి నొప్పిని అణచే మార్గాలు సెరటోనిన్, నారెపినెఫ్రిన్ రసాయనాల సాయంతో పనిచేస్తాయి. డిప్రెషన్‌తో ముడిపడినవీ ఆ రసాయనాలే. డులాక్సెటిన్ మందును డిప్రెషన్‌కూ, దీర్ఘకాలపు నడుము నొప్పికీ వాడేది ఇందుకే. ‘నొప్పంతా నీ మనసులోనే ఉంది’ అని రోగిని తీసిపారేయడం వైద్యం కాదు.

భయం చేసే చేటూ తక్కువేం కాదు. అనకాపల్లి జిల్లా రోలుగుంట వంటి మండలంలో చెరకు నరకడం, మోపులెత్తడం, వంగి నాట్లు వేయడం, అన్నీ నడుము మీద ఆధారపడ్డ పనులే. నడుము పట్టేస్తే కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది. పైగా వెన్ను ఆపరేషన్ చేయించుకుంటే కాళ్లు పడిపోతాయన్న మాట ఊళ్లలో వినపడుతూనే ఉంటుంది. ఆ బెంగతో ఆపరేషన్‌కు వెళ్లినవారు తర్వాత కదలడానికి జంకుతారు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మంచం దిగనివ్వరు. కదలకపోతే కండరాలు చిక్కిపోతాయి, ఆపైన నాలుగడుగులు వేసినా నొప్పి, దాంతో భయం మరింత. పరిశోధకులు వ్లాయెన్, లింటన్ 2000లో ఈ వలయాన్ని వివరంగా విశ్లేషించారు.

ఈ దిగులును, భయాన్ని పసిగట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 పట్టికలో ఉన్నవి తొమ్మిది ప్రశ్నలే. 27కు 10 గాని అంతకు మించి గాని వస్తే మానసిక వైద్యుడికి చూపించాలి. నొప్పి గురించిన భయపు ఊహలను కొలిచే 13 వాక్యాల పట్టిక కూడా 1995 నుంచి ఉంది. స్కోరు ఎక్కువ వచ్చిందని ఆపరేషన్ కాదనడం మాత్రం అన్యాయం. డిప్రెషన్ ఉన్నవారికీ మేలు జరుగుతుంది, కాకపోతే సగటున కొంత తక్కువ. ఇక కాళ్లలో బలం వేగంగా తగ్గుతున్నా, మూత్రంపై అదుపు తప్పినా ఏ ప్రశ్నావళి కోసమూ ఆగకూడదు.

వ్యవధి ఉంటే మనసుకు ముందే వైద్యం మొదలుపెట్టవచ్చు. నడుము పూసలను కలిపే ఆపరేషన్ చేయించుకుంటున్న 90 మందిపై డెన్మార్క్‌లో జరిగిన పరిశీలన 2015లో వెలువడింది. కొందరికి ఆపరేషన్‌కు ముందు నుంచే మనోవైద్య శిక్షణ ఇచ్చారు. మూడు నెలలకు వారు మిగతావారికంటే మెరుగ్గా ఉన్నారు; ఏడాది తిరిగేసరికి ఆ తేడా చెరిగిపోయింది. రోజుకూలీకి ఆ మొదటి నెలలు చిన్నవేమీ కావు.

డిప్రెషన్ మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకుండా మత్తు డాక్టరుకు చెప్పాలి. కొన్నింటితో రక్తస్రావం కొద్దిగా పెరగవచ్చు. మద్యం అలవాటునూ దాచకూడదు. రోజూ తాగేవారికి ఆసుపత్రిలో అది ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, మతిభ్రమ రావచ్చు.

రోలుగుంట వారికి దగ్గరి పెద్ద నగరం విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)తో పాటు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్లలేనివారు 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేసి, ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.