పన్ను నొప్పి ఆలస్యంగా ఎందుకు వస్తుంది?

వైద్యసాయం కోసం మా సొసైటీకి వచ్చేవారిలో పంటి సంగతి ముందుగా చెప్పేవారు అరుదు. చెంప వాచి, రాత్రంతా నిద్ర లేకుండా గడిపాకే వస్తారు. అప్పటికి పన్ను తీయించడమో, వేలు పోసి రూట్ కెనాల్ చేయించడమో తప్ప దారి ఉండదు. "నిన్నటిదాకా ఏ బాధా లేదు భాయ్" అంటారు. అది నిజమే. బాధ తెలియకపోవడానికి కారణం పన్ను నిర్మాణంలోనే ఉంది. జవహర్‌నగర్ సోదర సోదరీమణులకు అది వివరించాలనే ఈ నాలుగు మాటలు.

పంటికి పైన కనిపించే తెల్లని పొర ఎనామిల్. అల్లాహ్ మన శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థాన్ని పెట్టలేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దీన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికి నశించిపోతాయి. అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది గానీ, ఊడిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఇందులో నరాలు లేవు. పుచ్చు ఈ పొరలో ఉన్నంతకాలం మనకు తెలియదు.

దాని కింద డెంటిన్. దీన్నిండా కంటికి కనిపించని సన్నని గొట్టాలు. చల్లనీళ్లకు పన్ను జివ్వుమంటే వాటిలోని ద్రవం కదిలిందన్నమాట. నడుమన రక్తనాళాలు, నరాలు ఉన్న గుజ్జు. పుచ్చు అక్కడికి చేరితే గుజ్జు వాస్తుంది, కానీ చుట్టూ గట్టి గోడలు కాబట్టి వాపుకు చోటుండదు. ఆ ఒత్తిడంతా నరాల మీద పడుతుంది. అదే ఆ భరించలేని పోటు.

తొలిదశలో పంటి మీద తెల్లమచ్చ మాత్రమే ఉంటే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ దాన్ని బాగుచేయగలవు. అయితే తీపి తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పుడుతుంది, అది తగ్గడానికి అరగంటకు పైగా పడుతుంది. గంటకో చాయ్ తాగేవారి పంటికి ఇక తీరిక ఎక్కడిది? రంజాన్‌లో పగలు లాలాజలం తక్కువగా ఊరుతుంది. కాబట్టి సహరీలో చాయ్ తాగి అలాగే పడుకోకుండా, సమయం ముగిసేలోపే పళ్లు తోముకోవాలి.

మిస్వాక్ సున్నత్, పళ్లకు మేలు కూడా. కాకపోతే కొన నీళ్లలో నానబెట్టి, నమిలి మెత్తబరచి, చిగురు నుంచి పంటి వైపు నెమ్మదిగా తోమాలి. అడ్డంగా బలంగా రుద్దితే చిగురు కిందికి జారుతుంది. అక్కడ ఎనామిల్ ఉండదు, పలుచని సిమెంటం పొరే ఉంటుంది.

ఇక మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది గుట్కా. అడ్డా కూలీలు, ఆటో డ్రైవర్లు, చెత్త ఏరుకునేవారు ఆకలి మరవడానికి దవడన పెట్టుకుంటారు, వాళ్లను చూసి కుర్రాళ్లూ మొదలుపెడతారు. చెంప లోపలి పొరకు అరచేతి చర్మంలాంటి గట్టి కవచం లేదు. దాని కింద సాగే పోగులుంటాయి. వక్కలోని అరెకోలిన్ వల్ల ఆ పోగులు అతిగా పేరుకుని, చెంప పాలిపోయి తోలులా బిగుసుకుంటుంది. కారం తగిలితే మంట, తర్వాత నోరే తెరుచుకోదు. కొందరిలో ఇది క్యాన్సర్‌గా మారుతుంది. "మీఠా సుపారీలో పొగాకు లేదు కదా" అని పిల్లలకు కొనివ్వకండి. పొగాకు లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే ప్రచురించింది.

మీ మూడు వేళ్లు నిలువుగా జోడించి ముందుపళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే ఆ రోజే గుట్కా మానేసి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు వెళ్లండి. మానేస్తే ముదరడం తగ్గుతుంది గానీ, బిగిసిన చెంప పూర్తిగా మునుపటిలా కాదు. ఒంటరిగా వెళ్లడానికి జంకితే జుమా నమాజు తర్వాత మాకు చెప్పండి, మాలో ఒకరు వెంట వస్తారు.