ఒక్క కాయిలే కొనాలంటే

మెటల్ డిటెక్టర్ అనగానే మనకు గుర్తొచ్చేది విమానాశ్రయంలోనో పెద్ద గుడి క్యూలోనో దాటే గుమ్మం, లేదా సెక్యూరిటీ గార్డు చేతిలో ఉండే పొట్టి పరికరం. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో అది చాలామందికి ఒక వ్యాపకం కూడా. సెలవు రోజున పొలం యజమాని అనుమతి తీసుకుని, పొడవాటి కడ్డీ చివర బిగించిన గుండ్రటి చట్రాన్ని నేలకు ఆనీ ఆనకుండా అటూ ఇటూ ఊపుతూ నడుస్తారు. ఆ చట్రమే కాయిల్. స్క్రీన్, బటన్లు ఉన్న పెట్టె ఎంత ఖరీదైనదైనా, మట్టిలో ఏముందో ముందు పసిగట్టాల్సింది కాయిలే. అది పట్టుకోలేని సంకేతాన్ని పెట్టె పుట్టించలేదు. బజారులో 5, 6 అంగుళాల చిన్నవాటి నుంచి 15 అంగుళాలు, అంతకు మించినవి కూడా దొరుకుతాయి. అన్నీ కొనే స్తోమత అందరికీ ఉండదు. ఒక్కటే కొనాలంటే ఏది? చాలామంది ఈ ప్రశ్నను లోతు దగ్గర మొదలుపెట్టి, చేతికి అందిన వాటిలో పెద్దది కొనేస్తారు. నా లెక్కలో అన్ని పనులకూ పనికొచ్చేది 11 అంగుళాల, డబుల్-డి అనే రకం కాయిల్. మామూలుగా డిటెక్టర్‌తో పాటు డబ్బాలో వచ్చేది కూడా దాదాపు ఆ సైజుదే. నా ఎంపిక అదే ఎందుకో చెప్పాలంటే కాయిల్ పనిచేసే తీరు నుంచి మొదలుపెట్టాలి.

కాయిల్ లోపల మామూలుగా రాగి తీగ చుట్టలు రెండు ఉంటాయి. ఒకటి పంపేది, ఇంకొకటి వినేది. పంపే చుట్టలో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటు పారుతుంది. దాని అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. దారిలో నాణెమో మేకో తగిలితే, ఆ లోహంలో చిన్నచిన్న సుడి ప్రవాహాలు పుట్టి, వాటి క్షేత్రం తిరిగి పైకి వస్తుంది. పంపే చుట్ట గోల సోకకుండా వినే చుట్టను చాలా జాగ్రత్తగా అమరుస్తారు కాబట్టి ఆ బలహీనమైన జవాబు దానికి వినిపిస్తుంది. ఈ సూత్రం కొత్తదేమీ కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ శరీరంలో దిగిన తూటా జాడ కోసం, టెలిఫోన్‌తో పేరు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తెచ్చిన పరికరం దీని మీదే నడిచింది. తూటా దొరకలేదు. వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు, తూటా ఎడమవైపు ఉంది. పైగా అధ్యక్షుడి పరుపులో ఉక్కు తీగలున్నాయి, అవి కూడా పరికరానికి వినిపించాయి. ఆ సెప్టెంబరులో గార్‌ఫీల్డ్ మరణించాడు. కాయిల్ ఎంత దూరం వింటుందన్న దానితో పాటు, అక్కర్లేనిది ఎంత వింటుందన్నది కూడా మొదటి రోజు నుంచీ ఉన్న సమస్యే.

పెద్ద కాయిల్ ఎక్కువ లోతుకు వింటుందన్న మాట నిజమే. ఎంత ఎక్కువ అన్నది చూడాలి. కాయిల్ వెడల్పుతో పోలిస్తే బాగా లోతున ఉన్న నాణెం నుంచి తిరిగొచ్చే సంకేతం, లోతు ఆరో ఘాతం లెక్కన పడిపోతుంది. అంటే లోతు రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు దిగిపోతుంది. ఆ కొండను ఎక్కడానికి కాయిల్ సైజు చేసే సాయం చాలా తక్కువ. ఒకే కరెంటు, అన్నే చుట్లు ఉన్న వలయాలుగా అనుకుని లెక్క వేస్తే, 11 అంగుళాల కాయిల్ 10 అంగుళాల లోతున వినగలిగిన నాణేన్ని 15 అంగుళాల కాయిల్ 12 అంగుళాల దాకా కూడా వినలేదు. వ్యాసం మూడో వంతుకు పైగా పెరిగింది, లోతు ఐదో వంతైనా పెరగలేదు. కాయిల్ కిందకు వచ్చే నేల వైశాల్యం మాత్రం 1.86 రెట్లయింది. ఆ నేలలోని ఇనుప రజను, తడి బీచ్‌లోని ఉప్పు, పాత మేకులు, రేకు ముక్కలు అన్నీ ఆ మేరకు ఎక్కువగా గోల చేస్తాయి. కాగితం మీద కలిసొచ్చిన ఆ దాదాపు రెండు అంగుళాల్లో కొంత ఆ గోలకే పోతుంది. అదే లెక్కలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. 4 అంగుళాల లోపు ఉన్న నాణెం విషయంలో పెద్ద కాయిల్‌కే సంకేతం తక్కువ. 3 అంగుళాల దగ్గర అది దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అసలు కాయిళ్లు ఈ ఆదర్శ వలయాల కంటే కొంత భిన్నంగా ఉంటాయి కాబట్టి అంకెలు అటూ ఇటూ కావచ్చు. మొగ్గు ఎటన్నది మాత్రం మారదు.

పొలంలోకి దిగితే ఇంకో ఇబ్బంది. కోత అయ్యాక మిగిలిన గోధుమ కొయ్యకాళ్ల మీద 15 అంగుళాల కాయిల్ నేలకు ఆనదు, రెండు మూడు అంగుళాల ఎత్తున తేలుతుంది. 11 అంగుళాలది, అందులోనూ కోలగా ఉన్నదైతే, చాళ్ల మధ్య నుంచి నేల దాకా దిగుతుంది. కాయిల్‌ను పైకి ఎత్తిన ప్రతి అంగుళమూ లోతులో పోగొట్టుకున్న అంగుళమే. బరువు సంగతి వేరే చెప్పాలా? కడ్డీ చివర పెరిగిన బరువు మొత్తం మోచేతి మీద పడుతుంది. చెయ్యి అలసిపోతే ఊపు చివర కాయిల్ పైకి లేస్తుంది, ఆ చివర్లలో వెతికినా వెతకనట్టే.

ఇంతకీ అంత లోతు అవసరమా? ఇంగ్లండ్, వేల్స్‌లలో బాధ్యతగా వెతికేవారి కోసం పురావస్తు సంస్థలు, డిటెక్టర్ సంఘాలు ఒప్పుకున్న నియమావళి ఒకటుంది. వీలైతే దున్నిన నేలలోనే వెతకమని, దుక్కి లోతు దాటి తవ్వొద్దని అది చెబుతుంది. దుక్కి లోతు మామూలుగా 20 నుంచి 30 సెంటీమీటర్లు. 11 అంగుళాలంటే 28 సెంటీమీటర్లు. దుక్కి కింద చెదరకుండా ఉన్న పొరలు పురావస్తు శాస్త్రవేత్తలు చదవాల్సినవి. అక్కడ గొయ్యి తీస్తే వస్తువు చేతికొస్తుంది కానీ, అది ఏ కాలపు ఇంటిలో, ఏ వస్తువుల పక్కన ఉందన్న చరిత్ర చెరిగిపోతుంది. పేరుపడ్డ నిధులు దొరికిన తీరు చూసినా లోతు మీద వ్యామోహం నిలబడదు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో హామర్‌విచ్ ఊరి దగ్గర బయటపడిన ఆంగ్లో-శాక్సన్ బంగారం, కత్తి పిడుల మీది తొడుగులు, ఎర్రటి గార్నెట్ రాళ్లు పొదిగిన ముక్కలు, నాగలి చెదరగొట్టిన పైమట్టిలోనే ఉన్నాయి. 1992లో సఫోక్ ప్రాంతపు హాక్స్‌న్‌లో ఒకాయన పొలంలో పోయిన సుత్తిని వెతుకుతుంటే దాదాపు 15 వేల రోమన్ నాణేలతో పెద్ద నిధి దొరికింది. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1980లో డిటెక్టర్‌తో దొరికిన 27 కిలోల బంగారు ముద్ద 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అడుగు లోతులోనే ఉంది. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర 52,503 రోమన్ నాణేలున్న కుండ దొరికినప్పుడు, దాని అంచు కనపడగానే దాన్ని కనుగొన్న మనిషి తవ్వడం ఆపి పురావస్తు అధికారులను పిలిచాడు. అందరూ నేర్చుకోవాల్సిన పద్ధతి అది. పోగు పెద్దదైతే మామూలు కాయిల్‌కు కూడా కాస్త లోతు నుంచి వినిపిస్తుంది. చిన్నవాటిలో ఎక్కువ భాగం పైమట్టిలోనే ఉంటాయి.

పైమట్టిలో ఉన్నా చాలా వస్తువులు దొరకవు. వాటి పక్కన ఇనుము ఉంటుంది. మధ్యయుగపు ఇంగ్లిష్ వెండి పెన్నీ ఒకటి ఊహించండి. వెడల్పు రెండు సెంటీమీటర్లకు లోపు, బరువు గ్రామున్నర కూడా ఉండదు. దానికి నాలుగు వేళ్ల దూరంలో తుప్పు పట్టిన సాదా మేకు. 15 అంగుళాల కాయిల్ వాటి మీదుగా ఊగినంతసేపూ రెండూ కలిసే వినిపిస్తాయి. ఇనుమును వదిలెయ్యమని మనం చెప్పి పెట్టిన యంత్రం మేకుతో పాటు పెన్నీని కూడా నొక్కేస్తుంది. ఇక్కడే కాయిల్ ఆకారం పనికొస్తుంది. కాన్సెంట్రిక్ రకంలో పెద్ద వలయం లోపల చిన్న వలయం ఉంటుంది, దాని చూపు గరాటులా కిందికి దిగేకొద్దీ సన్నబడుతుంది. డబుల్-డిలో రెండు చుట్టలూ డి అక్షరం ఆకారంలో ఉండి, వాటి నిట్టనిలువు భాగాలు మధ్యలో ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి. ఆ ఎక్కిన చోట, ముందు అంచు నుంచి వెనక అంచు దాకా, సన్నటి పట్టీ మేర చూపు పదునుగా ఉంటుంది. పక్కలకు ఊపినప్పుడు ఆ పట్టీ మేకును దాటి పెన్నీ మీదకు విడిగా వస్తుంది. రెండింటి శబ్దాలూ విడివిడిగా వినే అవకాశం పెరుగుతుంది. పట్టీ కిందకు వచ్చే మట్టి తక్కువ కాబట్టి ఇనుప ఖనిజం ఎక్కువున్న ఎర్ర నేలల్లోనూ, నల్ల ఇసుక తీరాల్లోనూ ఇది నిలకడగా పనిచేస్తుంది. ముందు నుంచి వెనక దాకా ఒకే లోతు పలుకుతుంది కనుక ఒక ఊపుకూ తర్వాతి ఊపుకూ మధ్య వెతకని నేల కూడా తక్కువ మిగులుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టేసేవి కావు. కాన్సెంట్రిక్ వాడేవాళ్లు వస్తువు సరిగ్గా ఎక్కడుందో తమ కాయిల్ వేలుపెట్టి చూపుతుందని, సోడా సీసా మూతల్లాంటి బల్లపరుపు ఇనుప ముక్కలను డబుల్-డి మంచి లోహంగా భ్రమపడుతుందని అంటారు. రెండూ నిజమే. ఇనుప రజను లేని మెత్తటి నేలలో, పార్కులో నాణేలు ఏరుకునేవారికి కాన్సెంట్రిక్ మంచి ఎంపికే. గారెట్ కంపెనీ ఏస్ 250 డిటెక్టర్ అలాంటి కాయిల్‌తోనే వచ్చి ఎంతోమంది కొత్తవారికి పని నేర్పింది. కానీ ఏ నేల ఎదురవుతుందో ముందు తెలియని మనిషికి, నేల చెడ్డదైనా తడబడని కాయిల్ కావాలి. మూతల భ్రమ వస్తే ఒక గొయ్యి అదనంగా తవ్వుతాం, మట్టి గోలలో నాణెం మునిగిపోతే దాని జాడే తెలియదు. మొదటి నష్టం చిన్నది.

చెత్త ఎక్కువున్న చోట 6 అంగుళాల కాయిల్ ఇంకా బాగా వేరు చేస్తుందని మరికొందరు అంటారు. అదీ ఒప్పుకోవాల్సిందే. పాత ఇంటి పునాదుల మధ్య దానికి సాటి లేదు. అయితే ఇదివరకటి లెక్కలోనే 10 అంగుళాల లోతున ఉన్న నాణెం నుంచి దానికి వచ్చే సంకేతం, 11 అంగుళాల దానికి వచ్చే దాంట్లో ఆరో వంతు కన్నా తక్కువ. ఎకరాల పొలం దానితో ఊడ్చాలంటే రోజులు చాలవు. అందుకే రెండో కాయిల్ కొనేవారికి నా సలహా, పెద్దది వదిలేసి చిన్నది తీసుకోమనే. గోధుమ గింజంత బంగారు రవ్వల కోసం వెతికేవారి సంగతి వేరు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ యంత్రాలు, చిన్న కాయిళ్లు, విక్టోరియా గోల్డ్‌ఫీల్డ్స్‌లో వాడే, కరెంటును ఆగి ఆగి పంపే పల్స్ ఇండక్షన్ డిటెక్టర్లకు బిగించే మోనో కాయిళ్లు (పంపేదీ వినేదీ ఒకే చుట్ట అయినవి) వారి పనిముట్లు. ఒకే పనికి కొనేది ఎప్పుడూ ఆ పనికే మేలు. ఇక్కడి ప్రశ్న అన్ని పనులకూ సర్దుకునే దాని గురించి. డబ్బాలో వచ్చేది కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిందన్న అనుమానం కూడా కొందరికి ఉంటుంది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800తో 11 అంగుళాల డబుల్-డి, గారెట్ ఏటీ ప్రోతో 8.5, 11 అంగుళాల కొలతల కోల డబుల్-డి వచ్చాయి. పోటీ కంపెనీలు రెండూ దాదాపు ఒకే కొలత దగ్గర ఆగాయంటే, పొదుపు ఒక్కటే కారణం కాదనుకోవాలి.

కొనేముందు చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. లోహం లేదని తేలిన నేల మీద ఒక నాణెం, దానికి నాలుగు వేళ్ల దూరంలో ఒక మేకు పెట్టి, ఇనుమును వదిలేసే అమరికలో కాయిల్‌ను రెండు అంగుళాల ఎత్తున ఊపండి. తర్వాత తొంభై డిగ్రీలు తిరిగి నిలబడి మళ్లీ ఊపండి. నాణెం రెండు దిక్కుల నుంచీ పలికితే ఆ కాయిల్ పనికొస్తుంది. షాపులో నాణేన్ని గాలిలో పట్టుకుని చూపే దూరాన్ని నమ్మొద్దు, గాలిలో మట్టి ఉండదు. ఒక కంపెనీ కాయిల్ ఇంకో కంపెనీ యంత్రానికి మామూలుగా పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇదంతా మన ఊళ్లలో ఇంకో కారణానికి కూడా తెలియాలి. గుప్తనిధుల ఆశతో పాత కోటలు, పాడుబడ్డ గుళ్లు తవ్విన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పేపర్లలో తరచూ వస్తూనే ఉంటాయి. ఇరవై అడుగుల లోతున నాణెం చూపిస్తామని యంత్రాలు అమ్మేవాళ్లు ఆ ఆశను సొమ్ము చేసుకుంటున్నారు. ఆరో ఘాతం లెక్క వాళ్ల కోసం మారదు. కడ్డీకి రెండు చివర్లా పెట్టెలుండే ప్రత్యేక డిటెక్టర్లు మీటరు, రెండు మీటర్ల లోతున పెద్ద ఇనప్పెట్టెను పసిగట్టగలవు కానీ, విడి నాణెం వాటికి అసలు వినిపించదు. ఇక జొన్నగిరి, వజ్రకరూరు ప్రాంతాల్లో తొలకరికి వజ్రాలు వెతికేవారికి ఏ కాయిలూ ఉపయోగపడదు, వజ్రం లోహం కాదు. ఏ డిటెక్టర్ పట్టుకున్నా రక్షిత కట్టడాల జోలికి వెళ్లకండి, 1958 నాటి చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేని తవ్వకం నేరం. సొంత పొలంలో దొరికినా సరే, నేలలో దాగి ఉన్న వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది.