బండి నంబరు – బాధ్యత

నిజామాబాదు నుండి బోధనుకు పోవు రహదారిపై మూడు విధముల నంబరు పలకలు మనకు కనిపించును: ఏ.పీ. 25, టీ.ఎస్. 16, టీ.జీ. 16. మూడును నిజామాబాదువే. మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటిది. రెండవది 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప వచ్చినది. మూడవదానిని 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు ఇచ్చుచున్నారు. పాత నంబర్లు చెల్లుచునే యున్నవి.

బోధను చక్కెర కర్మాగారమునకు, అది 2015లో మూతపడు వరకు, చెరకు తోలిన ట్రాక్టర్లను తలచుకొందము. ఇంజనుకు ఒక నంబరు, ట్రాలీకి వేరొక నంబరు. చట్టము దృష్టిలో ట్రాలీయు మోటారు వాహనమే.

అట్టి బండిని అమ్మునపుడే మనము ఏమరుచున్నాము. సొమ్ము చేతబడి, తాళము అప్పగించినంతనే బాధ్యత తీరినదని తలంతుము. కాని రిజిస్ట్రేషనులో పేరు మారనంతవరకు చట్టము మననే యజమానిగా ఎంచును. ఆ బండి వలన ప్రమాదము జరిగినచో పరిహారభారము మనపైననే పడునని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కావున రాష్ట్రములోనే అమ్మినచో, అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. ట్రాలీకిని ఇదే విధి. నంబరు మారదు, పేరు మారవలెను.