ఫొటో బొంత ఎలా అవుతుంది?

తాతయ్య ఫొటోను బొంత మీదికి ఎక్కించాలనుకోండి. ముందు దాన్ని బట్ట మీద అచ్చేయాలి. కానీ బట్టను ఉత్తగా ప్రింటర్‌లో పెడితే ముడతపడి లోపల ఇరుక్కుంటుంది. అందుకే ఒకవైపు సన్నటి ప్లాస్టిక్ పూత ఉన్న కాగితాన్ని నూలుబట్ట వెనక పెట్టి ఇస్త్రీ చేస్తారు. వేడికి పూత మెత్తబడి బట్టను పట్టుకుంటుంది. అచ్చయ్యాక కాగితాన్ని ఒలిచేస్తే వచ్చేస్తుంది.

ఫొటోను లేత నలుపు-తెలుపులో అచ్చేసి, తర్వాత రంగులద్దుతారు. లేత నలుపు-తెలుపులోనే ఎందుకు? మీద చేత్తో వేసే పలచటి రంగు, కింది నలుపును కప్పలేదు కాబట్టి. ముదురు నీడ మీద గులాబీరంగు అద్దితే తాతయ్య బుగ్గ మసిపూసినట్టుంటుంది!

అసలు సరదా కుట్టులో ఉంది. పైబట్టకూ అడుగుబట్టకూ నడుమ దూదిపొర పెడతారు. కుట్టు పడినచోట దూది అణిగి పల్లమవుతుంది, పడనిచోట ఉబ్బుతుంది. ముక్కుకు అటూ ఇటూ కుట్టండి, ముక్కు నిజంగానే పైకి లేస్తుంది. కంటిపాప మీద మాత్రం కుట్టకండి. తాతయ్యకు మెల్లకన్ను వచ్చేస్తుంది.