మూడు రథములు

దర్శనములను గూర్చి ముచ్చటించుకొనునపుడు రెండు మాటలు తరచుగా వినవచ్చుచుండును. "ఏ దేశపు జ్ఞాని చెప్పినను సారము ఒక్కటే" అనునది మొదటి మాట. "వారి ఆలోచన వేరు, మన ఆలోచన వేరు, రెంటికిని పొత్తు కుదరదు" అనునది రెండవ మాట. మొదటి దానిలో ఔదార్యము కలదు. రెండవ దానిలో జాగరూకత కలదు. కాని రెండును గ్రంథములను విప్పక మునుపే తీర్పు చెప్పివేయుచున్నవి. భిన్న దేశముల దర్శనములను న్యాయముగా పోల్చుట ఎట్లు? ఇందులకు పెద్ద సిద్ధాంతములతో సమాధానము చెప్పుటకంటె, ఒక చిన్న ఉపమానమును పట్టుకొని నడచుట మేలని మేము తలచుచున్నాము. ఆ ఉపమానము రథము.

మనుష్యుడు "నేను" అని అనుకొనునది దేనిని? ఈ విషయమును విచారించుచు ప్రాచీనుల గ్రంథములు మూడు రథమునే ఉదాహరణముగా గైకొన్నవి. అందొకటి కఠోపనిషత్తు. రెండవది గ్రీకు తత్త్వవేత్త ప్లేటో క్రీ.పూ. 4వ శతాబ్దమున వ్రాసిన "ఫీడ్రస్" అను సంవాదము. మూడవది పాలీ భాషలోని "మిలిందపఞ్హ", అనగా మిలిందుని ప్రశ్నలు. మూడింటను చిత్రము ఒక్కటే. చెప్పిన మాట కూడ ఒక్కటేనా?

కఠోపనిషత్తులో బాలుడైన నచికేతుడు యముని ఇంట మూడు రాత్రులు ఉపవాసముండి మూడు వరములు సంపాదించుకొనెను. మరణించిన వెనుక మనుష్యుడు ఉన్నాడా, లేడా చెప్పుమనుట మూడవ వరము. ఏనుగులను, బంగారమును, దీర్ఘాయువును ఇచ్చెదనని యముడు ఆశపెట్టినను బాలుడు తన ప్రశ్నను విడువలేదు. అప్పటి ఉపదేశములో రథము ప్రస్తావనకు వచ్చును. శరీరము రథము. ఇంద్రియములు గుఱ్ఱములు. విషయములు ఆ గుఱ్ఱములు పరుగెత్తు దారులు. మనస్సు పగ్గములు. బుద్ధి సారథి. రథమునకు యజమానుడై కూర్చున్నవాడు ఆత్మ. సారథి వివేకియై పగ్గములను బిగువుగా పట్టినచో ప్రయాణము గమ్యమును చేరును. లేనిచో మరల సంసారములోనికే తిరిగివచ్చును. ఇందు సారథి వేరు, రథి వేరు అనుట గమనింపదగినది. బుద్ధి ఎంత సూక్ష్మమైనదైనను ఆత్మకు పనిముట్టే గాని ఆత్మ కాదు.

ఇక ఏథెన్సు నగరమునకు పోవుదము. నగర ప్రాకారము వెలుపల, ఇలిస్సస్ అను ఏటి ఒడ్డున, చెట్టు నీడలో కూర్చుండి సోక్రటీసు ఫీడ్రస్ అను మిత్రునితో ప్రేమను గూర్చియు, వాక్చాతుర్యమును గూర్చియు సంభాషించుచుండును. ప్రేమ ఒక ఉన్మాదమే యైనను హీనమైనది కాదని నిరూపించుటకై ఆయన ఒక కథ చెప్పును. ఆత్మ, రెక్కలు గల గుఱ్ఱములను పూన్చిన రథము వంటిదట. దేవతల గుఱ్ఱములు రెండును మేలుజాతివి. మనుష్యుల విషయమున మాత్రము ఒకటి మేలుది, రెండవది పొగరుబోతు. తెల్లని గుఱ్ఱము గౌరవమును కోరును, మాటకే లొంగును. నల్లని గుఱ్ఱము మాట వినదు. కొరడాకును ములుకోలకును సైతము కష్టము మీదనే లొంగును. ఈ పెనుగులాటలో రెక్కలు పోగొట్టుకొన్న ఆత్మ నేలకు దిగి దేహమును ధరించును.

పైచూపునకు ఇది కఠోపనిషత్తులోని రథమే అనిపించును. భాగములను ఒక్కొక్కటిగా సరిచూచినచో పోలిక సడలిపోవును. అక్కడ రథమనగా దేహము. ఇక్కడ రథము, గుఱ్ఱములు, సారథి అన్నియు ఆత్మయే, దేహము తరువాత వచ్చి చేరినది. అక్కడ గుఱ్ఱములు బయటి వస్తువులవైపు పరుగిడు ఇంద్రియములు. ఇక్కడ అవి లోపలనే పుట్టు అభిమానము, కామము. అన్నిటికంటె ముఖ్యమైన భేదము, ప్లేటో రథములో సారథి వెనుక మరియొకడు కూర్చుండలేదు. పగ్గములు పట్టిన వివేచనయే ఆత్మలో ఉత్తమాంశము. గ్రీకుల "ప్సూఖే" అను శబ్దమును మనము ఆత్మ యని అనువదించుచున్నాము. వేరు మాట లేనందున అది తప్పదు. కాని ఉపనిషత్తు లెక్కలో ఆ ప్సూఖే చాలవరకు బుద్ధి, మనస్సు అను వాని కోవలోనికే వచ్చును. మాట ఒక్కటైనంత మాత్రమున వస్తువు ఒక్కటి కాదు.

మూడవ రథము పంజాబు దేశమున నిలిచియున్నది. క్రీ.పూ. 2వ శతాబ్దమున వాయవ్య భారతమును ఏలిన గ్రీకు రాజు మినాండరునే బౌద్ధులు మిలిందుడనిరి. గ్రీకు, ప్రాకృత భాషలు రెంటను అక్షరములు గల ఆయన నాణెములు నేటికిని లభించుచున్నవి. ఆ గ్రంథమున రాజు నాగసేనుడను భిక్షువును పేరడుగును. నాగసేనుడని పిలుతురు గాని, అది వట్టి పేరే. ఆ పేరు వెనుక స్థిరమైన వ్యక్తి ఎవడును దొరకడని భిక్షువు బదులు చెప్పును. రాజు తెల్లబోవును. వ్యక్తియే లేనిచో మీకు వస్త్రములిచ్చువారెవరు, శీలమును పాటించువారెవరు, నిన్ను ఎవడైన చంపినచో అది హత్య కాకపోవునా అని నిలదీయును. ఇది పండితుల చమత్కారము కాదు. న్యాయస్థానమున నిలువగల ప్రశ్న.

అప్పుడు నాగసేనుడు రాజును, నడచి వచ్చితివా, రథముమీద వచ్చితివా అని అడుగును. రథముమీదనే యని రాజు చెప్పగా, రథమేదో చూపుమని అడుగును. నొగ రథమా? ఇరుసా? చక్రములా? తొట్టియా? ధ్వజదండమా? కాడియా? పగ్గములా? ములుకోలయా? వీనిలో ఏదియు కాదు; వీనికి వేరుగ మరియొకటియు లేదు. ఇవి అన్నియు కూడినపుడు వ్యవహారమునకై రథమను పేరు వచ్చినదని రాజే ఒప్పుకొనును. నాగసేనుడను పేరును అట్టిదేనని భిక్షువు ముగించును. నాగార్జునకొండ పేరుతో తెలుగువారికి పరిచితుడైన ఆచార్య నాగార్జునునికి వ్యాఖ్యాతయైన చంద్రకీర్తి క్రీ.శ. 7వ శతాబ్దమున ఈ రథమునే మరల విప్పి ఏడు విధముల పరీక్షించెను.

నాగసేనుడు చెప్పిన పట్టికను మరియొకసారి చదువుడు. అందు గుఱ్ఱములు లేవు, సారథి లేడు. కఠోపనిషత్తును, ప్లేటోయు పరుగెత్తు రథమును చూపినారు. దానిని తోలునది ఎవరు, అది పోవునది ఎక్కడికి అని వారి విచారణ. నాగసేనుడు ఆగియున్న రథమును విప్పి, రథమనునది అసలేమి యని విచారించెను. చిత్రము ఒక్కటైనను ప్రశ్నలు వేరు. అందుచేత ఒకరు రెండవవారిని సమర్థించిరనిగాని, ఖండించిరనిగాని తొందరపడి చెప్పరాదు.

అయినను వారి నడుమ భేదమే లేదనుట సత్యము కాదు. రథి ఉన్నాడని ఉపనిషత్తు చెప్పుచున్నది. వెదకినను దొరకడని బౌద్ధుడు చెప్పుచున్నాడు. ఈ రెంటిని తీయని మాటలతో కలిపివేసినచో ఇరువురికిని అన్యాయము చేసినవారమగుదుము. శతాబ్దముల తరబడి మన దేశపు తార్కికులు వాదించుకొన్నది ఈ విషయముమీదనే గదా!

మరి రాజు అడిగిన హత్య సంగతి ఏమి? రథి లేనిచో తప్పునకు బాధ్యుడెవడు? ఇందులకు నాగసేనుడు అదే గ్రంథమున మామిడిపండ్ల ఉదాహరణము చెప్పును. ఒకడు ఇంకొకని తోటలో పండ్లు దొంగిలించి, "ఇతడు నాటిన పండు వేరు, నేను కోసిన పండ్లు వేరు; కనుక ఇతని సొత్తును నేను ముట్టలేదు" అని వాదించినాడనుకొందము. రాజు వానిని విడిచిపెట్టునా? విడువడు. ఆ పండునుండియే ఈ పండ్లు కలిగినవి. తొలిజాములోని దీపజ్వాల తెల్లవారుజామునకు అదియే కాదు, అట్లని వేరొకటియు కాదు. స్థిరమైన వ్యక్తి లేకున్నను కర్మ పరంపర తెగదని ఆయన తాత్పర్యము.

పోలికలో మరియొక చిక్కు కలదు. స్కాట్లండు దేశీయుడు డేవిడ్ హ్యూము 1739లో ప్రకటించిన గ్రంథమున, తనలోనికి తాను చూచుకొన్నపుడు అనుభవముల మూట తప్ప "నేను" అనునది కానరాలేదనెను. ఇది నాగసేనుని మాటను జ్ఞప్తికి తెచ్చును. ఆ గ్రంథములో చాలభాగము హ్యూము ఫ్రాన్సులోని లా ఫ్లేష్ పట్టణమున వ్రాసెను. అక్కడి జెసూట్ మతాచార్యుల ద్వారా బౌద్ధమును గూర్చి వినియుండవచ్చునా అని ఆలిసన్ గోప్నిక్ అను విదుషి 2009లో పరిశీలించి, అవకాశము కలదని చూపినారు. అవకాశము వేరు, నిరూపణము వేరు. పైగా హ్యూము చిక్కు జ్ఞానమునకు సంబంధించినది. దానివలన మనస్సు కలతపడినపుడు మిత్రులతో భోజనము, ఆటపాటలు ఆయనకు మందైనవి. నాగసేనునికి అదియే దుఃఖవిముక్తికి మార్గము. సమాధానములు సరిపోలినంతనే జీవితములు సరిపోలవు.

కావున దర్శనములను పోల్చువారు మొదట ప్రశ్నను అడుగవలెను. పిమ్మట భాగములను సరిచూడవలెను. తుదకు మిగిలిన భేదమును దాచక చెప్పవలెను. ఇంత శ్రమపడినపుడు దొరకు సామ్యము, వట్టి మర్యాదకు చెప్పిన సామ్యముకంటె గట్టిది. అట్టిది ఒకటి ఇందును కలదు.

ఇంటిలో ఒకరినొకరు నొప్పించుకొన్న మరునాడు, "కోపములో అన్న మాట అది, అప్పుడు నేను నేనుగా లేను" అని మనమందరము అనుచుందుము. ఈ మాటను ఆ మువ్వురి ముందు ఉంచి చూడుడు. పగ్గములు వదలిన సారథి నీవాడే యని యముడు చెప్పును. నల్లగుఱ్ఱము కూడ నీ రథమునకు పూన్చినదే యని సోక్రటీసు చెప్పును. నాటినది వేరైనను పండు నీ చెట్టుదే యని నాగసేనుడు చెప్పును. రథి ఉన్నాడా, లేడా అను విషయమున వారు ఏకీభవింపలేదు. కాని అన్న మాటను ఆ కోపముమీదికి నెట్టి తప్పించుకొనుటకు మువ్వురిలో ఎవరును మనకు దారి విడువలేదు.