రాగి గీతలకు కళాయి

ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం అక్కరలేని రాగిని తినేసి, మనం గీసిన గీతల్ని మాత్రం వదిలేస్తుంది. ఇంట్లో చేసుకున్న ఆ సర్క్యూట్ బోర్డును కడిగితే గులాబి రంగులో మెరుస్తుంది. ఆ మెరుపును నమ్మకూడదు. వేలిముద్రలు పడ్డచోట కొద్దిరోజులకే నల్లబడుతుంది, తేమ తగిలితే చిలుము పడుతుంది. అలాంటి రాగి మీద సోల్డర్ తామరాకు మీద నీటిబొట్టే. ఉండ కట్టి దొర్లిపోతుంది తప్ప అంటదు.

ఈ జబ్బుకి మందు మన వీధుల్లో తిరిగిన కళాయివాళ్లకు తెలుసు. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, తగరం రాసి, దూదితో గిర్రున తుడిచేవారు. గుప్పుమని తెల్లటి పొగ వచ్చేది. నవాసాగరమంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది లోహం మీది ఆక్సైడ్ పొరను ఊడగొడుతుంది. కింద శుభ్రమైన రాగి బయటపడగానే తగరం దాంతో కలిసి ఒక పలచని సమ్మేళనమవుతుంది. రంగులా పైన కూర్చునే పూత కాదిది, లోపలికి వేళ్లూనిన పూత. బోర్డు మీద రోజిన్ ఫ్లక్స్ చేసేదీ ఈ పనే. నవాసాగరాన్ని మాత్రం బోర్డు దగ్గరికి రానివ్వకూడదు. మిగిలిపోయిన క్లోరైడ్ తర్వాత కూడా రాగిని కొరుకుతూనే ఉంటుంది.

వియన్నాలో పుట్టిన పాల్ ఐస్లర్ 1936లో ఇంగ్లండు చేరి, తీగల బదులు రాగి రేకు గీతలతో రేడియో చేశాడు. 1943లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. తీగల చిక్కు పోయింది కానీ రాగికి గాలి సోకే బాధ మిగిలింది.

నిజానికి పూయడం ఎవరైనా చేస్తారు. పనితనమంతా ఎక్కువైనదాన్ని తుడవడంలో ఉంది. కార్ఖానాల్లో బోర్డును కరిగిన సోల్డర్‌లో ముంచి, పైకి లాగుతూ రెండు పక్కలా వేడిగాలి కొడతారు. ఇంట్లో ఆ గాలి పని చేసేది డీసోల్డరింగ్ విక్, అంటే సన్నటి రాగితీగల జడ. గీతలకు ఫ్లక్స్ రాసి, సోల్డర్ పట్టించిన జడను ఐరన్‌తో అదిమి మెల్లగా లాగాలి. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్‌కే నీరవుతుంది. ఒకేచోట ఆగితే మాత్రం కొంప మునుగుతుంది. మామూలు బోర్డుల్లో రేకు మందం 35 మైక్రాన్లే, కింది జిగురు వేడికి వదిలేస్తే గీత గీతంతా లేచిపోతుంది.

తుడిచే పనే లేని దారీ ఉంది. థయోయూరియా కలిపిన తగరపు ద్రావణంలో బోర్డును నానబెడితే, పైపై రాగి కరిగి ఆ చోట తగరం చేరుతుంది. రాగి కప్పుకుపోయేకొద్దీ పని దానంతటదే మందగిస్తుంది. చూడ్డానికి వెండిలా ఉంటుంది. పూత పలచన, నెలలు గడిస్తే సోల్డర్ అంత తేలిగ్గా పట్టదు.

నాకు ముచ్చటేసేది రష్యా ఔత్సాహికుల పద్ధతి. సగం బిస్మత్, మిగతా సగం సీసం, తగరం కలిసిన రోజ్ లోహం 100 డిగ్రీల లోపే కరుగుతుంది. మరిగే నీళ్లలో కాస్త సిట్రిక్ ఆమ్లం వేసి, బోర్డును పడుకోబెట్టి, కరిగిన లోహాన్ని రబ్బరు ముక్కతో గీతల మీద రుద్దుతారు. ఎక్కువైనది ఆ రబ్బరుకే వచ్చేస్తుంది. కళాయివాడి దూది అక్కడ రబ్బరైంది, అంతే. లోహంలో సీసం ఉంది కాబట్టి ఆ గిన్నె మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు.