చెట్టునెక్కు ఆకుపంట

చెట్టుపై నుండు మొక్కలన్నియు చెట్టునకు శత్రువులని రైతు సోదరులలో పెక్కురు తలంచుచున్నారు. ఈ తలంపు కొంతవరకే నిజము. అట్టి మొక్కలు మూడు తెగలు.

మొదటిది బదనిక. ఇది మామిడి కొమ్మలోనికి వేళ్ళు చొప్పించి, చెట్టు గ్రహించిన నీటిని, లవణములను అపహరించును. కనబడిన వెంటనే కొమ్మతో కూడ కోసివేయవలెను.

రెండవ తెగ మొక్కలు చెట్టును నెలవుగా మాత్రము గైకొని, వాననీటితోను, బెరడుపై క్రుళ్ళిన ఆకుల సారముతోను జీవించును. ఆఫ్రికా వర్షారణ్యములందలి బిగోనియా మాన్నీ యనునది ఇట్టిది. బిగోనియాల ఆకులు సామాన్యముగా మన చుక్కకూరవలె పుల్లగా నుండును. ఈ జాతి ఆకులను అచ్చటి జనులు కూరగా భుజింతురు.

మూడవది మన తమలపు తీగ. దీని మొదలు భూమియందే యుండి ఆహారమును అచ్చటనే గ్రహించును. కణుపుల వేళ్ళతో అవిసె మ్రానును పట్టుకొనుట నిలుచుటకే గాని పీల్చుటకు గాదు.

కావున తమలపు తోటకు ప్రాణాపాయము మొదటియందే కలదు. పి.గన్నవరము వైనతేయ తీరమున నున్నది. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి వరదలు లంకలను ముంచిన సంగతి మనము మరువరాదు. వరద రాకున్నను, వాననీరు మొదళ్ళలో నిలిచినచో ఫైటోఫ్తొరా యను సూక్ష్మజీవి వలన మొదలుకుళ్ళు తెగులు పుట్టును. తీగ వాడిన పిదప ఏ మందును దానిని బ్రతికింపజాలదు. ముందు జాగ్రత్తయే మందు.

నాటు తీగలను తెగులులేని తోటనుండియే తేవలెను. చచ్చిన తీగను వేళ్ళతో పెరికి కాల్చివేయవలెను. వానలకు ముందు ఒక శాతము బోర్డో మిశ్రమమును మొదళ్ళలో పోయవలెను. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటను, ఒక కిలో సున్నమును వేరుగా 50 లీటర్ల నీటను కరగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో మెల్లగా పోసి కలుపవలెను. ఇనుప పాత్రలు పనికిరావు. మెరయు కత్తిని ముంచినపుడు రాగివన్నె పట్టినచో ఇంకను సున్నము చేర్చవలెను. తమలపాకు పచ్చిగానే నమలబడునది గనుక మందు ఆకులపై పడకుండ చూచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మురుగు బోదె. తెగులు నీటితో ప్రయాణము చేయును. ఒకని తోటలో నిలిచిన నీరు పొరుగువాని తోటకును చేటు. ఎవరి బోదెను వారు త్రవ్వుకొన్నను, దిగువవాని గట్టు అడ్డమైనచో ఫలము శూన్యము. గనుక సభ్యులు తొలకరికి ముందే కూడి, ఎగువనుండి దిగువవరకు బోదెలను ఒక్కటిగా బాగుచేసికొందురుగాక! తీగకు అవిసె ఆసరా యైనట్లు, రైతునకు రైతే ఆసరా.